రష్యా రాగి నాణేలు: తోమకండి, ముందు తూచండి

మీ ప్రశ్న పెద్దదే గానీ, నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ: కజాన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మీ అన్నయ్య సెలవులకి వస్తూ అక్కడి వీధి బజార్లో కొన్న మూడు పాత రాగి నాణేలు తెచ్చాడు. 1787 నాటి పెద్ద 5 కోపెక్కులు (కోపెక్కు అంటే రూబుల్లో నూరో వంతు) ఒకటి, 1812 నాటి 2 కోపెక్కులు ఒకటి, 1915 నాటి 3 కోపెక్కులు ఒకటి. 1915 దాన్ని అమ్మ చింతపండు పెట్టి తోమితే కొత్త చెంబులా మెరుస్తోంది. మిగతా రెండూ తోమాలా, ఇవి అసలైనవేనా, ఎంత పలుకుతాయి, ఇలాంటివి సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబులు. మిగతా రెండూ తోమకండి, అమ్మగారికి కనబడకుండా దాచండి. 1812, 1915 నాణేలు అసలైనవే అయ్యుంటాయి. అవి ఎంత విరివిగా దొరుకుతాయంటే, నకిలీ చేసేవాడికి కూలి కూడా గిట్టదు. 1787 దాన్ని తూచకుండా నేను ఏ మాటా చెప్పను. ధర అంటారా, మూడూ కలిపి అమ్మినా అన్నయ్య విమానం టికెట్ రాదు. చిన్నవి వందల్లో, పెద్దది బాగుంటే కొన్ని వేలల్లో. సేకరణకి మొదటి మెట్టు 1867 నుంచి 1917 దాకా వచ్చిన వరుస. నాణెం కన్నా ముందు కొనాల్సింది మాత్రం గ్రాములో నూరో వంతు చూపించే చిన్న తూకం మిషను. కంసాలి కొట్టులో ఉండే రకం.

నేను 80ల చివర్లో అప్పటి లెనిన్‌గ్రాద్‌లో మెటలర్జీ చదివాను, తర్వాత వైజాగ్ స్టీల్‌లో చేసి రిటైరయ్యాను. కోపెక్కు అన్న మాట నాకు చిన్నప్పుడే విశాలాంధ్రలో కొన్న సోవియట్ పిల్లల పుస్తకాల్లో పరిచయం. చేతిలో పట్టుకున్నది మాత్రం హాస్టల్లో, మా గది పక్కన ఉండే ముసలి కాపలాదారు ఒక పాత కోపెక్కు ఇచ్చినప్పుడు. ముప్పై ఏళ్ళు దాటింది. అప్పట్నుంచీ కొన్నవీ, మోసపోయినవీ కలిపి ఇక్కడ చెప్తున్నాను.

రష్యా రాగి అంతా తూకం లెక్కే. ఇదొక్కటి పట్టుబడితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. అక్కడి పాత బరువు కొలత పూద్, అంటే 16.38 కిలోలు. ఒక పూద్ రాగి నుంచి ఎన్ని రూబుళ్ళ విలువైన నాణేలు కొట్టాలో ప్రభుత్వం నిర్ణయించేది. ఆ అంకె పెరిగితే నాణెం తేలికవుతుంది, ఖజానాకి లాభం మిగులుతుంది, దాంతోపాటే దొంగ నాణేలు తయారవుతాయి. తగ్గితే నాణెం బరువెక్కుతుంది, జనం కరిగించి గిన్నెలు చేసుకుంటారు. రెండు శతాబ్దాలపాటు ఈ రెండింటి మధ్యే ఊగిసలాట.

మీ 1787 నాణెం కాలంలో లెక్క పూద్‌కి 16 రూబుళ్ళు. అంటే 1600 కోపెక్కులకి 16,380 గ్రాములు. భాగిస్తే కోపెక్కుకి పది గ్రాములు దాటుతుంది, 5 కోపెక్కులకి 51.19 గ్రాములు. ఇది ఏ కేటలాగూ లేకుండా కాగితం మీద మీరే వేసుకోగలిగిన లెక్క. 1812 దానికి పూద్‌కి 24 రూబుళ్ళు కాబట్టి 2 కోపెక్కులు 13.65 గ్రాములు. 1915 దానికి 50 రూబుళ్ళు, 3 కోపెక్కులు 9.83 గ్రాములు. తూకం మిషను తెచ్చి ఈ మూడూ సరిచూడండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. 20 గ్రాముల 48 సెంటీగ్రాముల రాగి బిళ్ళ ఒకటి ఊహించుకోండి. 1723 నుంచి 1730 దాకా అది 5 కోపెక్కులు, లెక్క పూద్‌కి 40 రూబుళ్ళు. రాగి బజారు ధరకన్నా ఆ విలువ ఎన్నో రెట్లు ఎక్కువ కావడంతో సరిహద్దు అవతల నుంచి కూడా దొంగ నాణేలు వచ్చి పడ్డాయి. చివరికి ప్రభుత్వం వాటి విలువని దశలవారీగా తగ్గించి వెనక్కి తీసుకుంది. 1755లో పూద్‌కి 8 రూబుళ్ళ లెక్క వచ్చింది. అదే బిళ్ళ మీద మేఘాల్లో గద్ద బొమ్మ గుద్ది 1 కోపెక్కు అన్నారు. 1757లో లెక్క 16కి మారింది. మళ్ళీ అదే బిళ్ళ మీద గుద్ది 2 కోపెక్కులు అన్నారు. బరువు మారలేదు, రాగి మారలేదు. ముప్పై నలభై ఏళ్ళలో ఒకే ముక్క ఐదు, ఒకటి, రెండు అయింది. కొన్ని 2 కోపెక్కుల మీద భూతద్దం పెట్టి చూస్తే గుర్రమెక్కిన సెయింట్ జార్జ్ పక్కన మేఘాలు మసగ్గా కనిపిస్తాయి. పలకమీద సరిగ్గా చెరపని పాత అక్షరాల్లా.

మీ పెద్ద నాణేనికీ ఇలాంటి కథే ఉంది. 1762లో మూడో పీటర్ ఆర్నెల్లు గద్దెమీద ఉన్నాడు. ఆ కాస్త వ్యవధిలోనే లెక్కని 32కి పెంచాడు. దాంతో 51 గ్రాముల బిళ్ళ 10 కోపెక్కులైంది. ఒకవైపు డప్పు, జెండాలు, ఫిరంగులు ఉంటాయి, అందుకే సేకర్తలు వాటిని ‘డప్పులు’ అంటారు. భార్య కేథరిన్ అతన్ని దించేసి గద్దెనెక్కగానే మళ్ళీ 16కి తెచ్చి, ఆ డప్పులమీదే 5 కోపెక్కుల అచ్చు గుద్దించింది. నా దగ్గరున్న 1763 నాణెంలో గద్ద రెక్క కింద డప్పు అంచూ, ఒక జెండా కర్రా స్పష్టంగా తెలుస్తున్నాయి. మొగుడి గుర్తుని పెళ్ళాం రాణి తొక్కిపెట్టిన ఆనవాలు. దాన్ని కొన్నప్పుడు అమ్మినవాడు ‘రెండుసార్లు గుద్దిన చెడిపోయిన నాణెం’ అని ధర తగ్గించాడు. నేను నోరు మెదపలేదు.

తమాషా ఏంటంటే, కేథరిన్ చివరి ఏడాది 1796లో ఆమె కొలువులోనే మళ్ళీ 32 రూబుళ్ళ లెక్క మొదలుపెట్టారు. ఆమె పోయాక కొడుకు పావెల్ దాన్ని రద్దు చేశాడు. కొత్త 10 కోపెక్కుల మీద పాత తేదీలున్న కేథరిన్ అచ్చులతోనే 5 కోపెక్కులు తిరిగి కొట్టించాడు. కాబట్టి నాణెం మీద వేసిన సంవత్సరం నాణెం పుట్టిన సంవత్సరం అని గుడ్డిగా నమ్మకండి.

ఇక మీ 1787 గురించి. ఒకవైపు కిరీటం కింద పెద్ద అక్షరం లోపల రెండు నిలువు గీతలు ఉండాలి. అది ‘యెకతెరీనా 2’, అంటే రెండో కేథరిన్, అన్న గుర్తు. ఆ గుర్తుకి అటూ ఇటూ 17, 87 అని విడగొట్టి ఉంటుంది. చుట్టూ ఆకుల దండ. రెండోవైపు జంట తలల గద్ద. మనకైతే గండభేరుండం అంటే చప్పున తెలుస్తుంది, అచ్యుతరాయల నాణేలమీద ఉన్నదే. రెక్కల కింద రెండు రష్యన్ అక్షరాలుంటాయి, అవి టంకశాల గుర్తు. ఇంగ్లీషు ఈ, ఎం లాగా కనిపిస్తే యెకతెరీన్‌బుర్గ్. ఉరల్ కొండల్లో గనుల పక్కనే పెట్టిన టంకశాల అది. 1876లో మూసేదాకా రష్యా రాగిలో సింహభాగం అక్కడే కొట్టారు. అందుకే ఆ గుర్తున్నవి చవక.

తూకంలో సరిగ్గా 51.19 రాకపోతే కంగారు పడకండి. విడివిడి నాణేల బరువు టంకశాల పట్టించుకునేది కాదు, పూద్‌కి ఇన్ని నాణేలు వచ్చాయా లేదా అన్నదే చూసేది. నా దగ్గరున్న 5 కోపెక్కుల్లో బాగా తేలికైనది 46 గ్రాములు, బరువైనది 57. రెండూ అసలైనవే. 40 దగ్గర ఆగిపోతే మాత్రం అనుమానించాల్సిందే.

బరువు సరిపోయినా ఇంకో పరీక్ష చేయండి. లాబొరేటరీ అక్కర్లేదు, మా ఇంట్లో వంటగదిలో చేస్తాను. మిషను మీద గ్లాసు నీళ్ళు పెట్టి అంకెని సున్నాకి తెచ్చుకోండి. నాణేనికి సన్న దారం కట్టి, గ్లాసు అడుగుకీ పక్కలకీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. మిషను ఎంత చూపిస్తే అన్ని గ్రాముల నీటిని నాణెం పక్కకి నెట్టిందన్నమాట. నాణెం అసలు బరువుని ఆ అంకెతో భాగించండి. 51.2 గ్రాముల నాణేనికి 5.75 చూపిస్తే 8.9 వస్తుంది, అది రాగి సాంద్రత. పాత నాణెంలో చిలుమూ, గుల్లలూ ఉంటాయి కాబట్టి 8.7 వచ్చినా సర్దుకుపోతాను. 8.4 దగ్గరికి వస్తే అది ఇత్తడి, ఇక కథ అయిపోయినట్టే. పరీక్ష అయ్యాక నాణేన్ని మెత్తటి గుడ్డతో అద్ది, ఫ్యాను కింద బాగా ఆరనివ్వండి.

అంచు కూడా చూడండి. ఈ పెద్ద నాణేల అంచుకి సాధారణంగా వల అల్లినట్టు అడ్డదిడ్డం గీతలుంటాయి. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత వస్తుంది, దాన్ని ఆకురాయితో అరగదీసేస్తారు. ఆ అరగదీసిన నునుపు వేలికి తెలుస్తుంది. ముఖం మీద గీతలు పదునుగా కాకుండా అరిగిన సబ్బుబిళ్ళలా మెత్తగా ఉండి, మధ్యమధ్య చెమటకాయల్లాంటి బుడిపెలుంటే అది పోతపోసిందే. అచ్చుతో గుద్దినదానికి బుడిపెలు రావు.

నేను దెబ్బతిన్నది సైబీరియా 10 కోపెక్కులతో. వాటి కథ వేరు. అల్తాయ్ ప్రాంతంలో కొలివాన్ రాగి అని ఉండేది, అందులో కొంచెం వెండీ, చిటికెడు బంగారమూ కలిసి ఉండేవి. దాన్ని వేరుచేయడం ఖర్చు కాబట్టి అలాగే నాణేలు కొట్టి, పూద్‌కి 25 రూబుళ్ళ లెక్కన సైబీరియాలో మాత్రమే చెల్లేలా పెట్టారు. 1781తో అవి ఆగిపోయాయి. వాటిమీద రెండు సేబుల్ జంతువులు, అంటే ఖరీదైన బొచ్చున్న ముంగిసలాంటివి, డాలు పట్టుకుని నిలబడి ఉంటాయి. చూడ ముచ్చటగా ఉంటుంది. మాస్కోలో ఒక ఆదివారం బజార్లో కనబడగానే నెల స్కాలర్‌షిప్‌లో సగం పెట్టి కొన్నాను. లెక్క ప్రకారం 65.5 గ్రాములు ఉండాలి. హాస్టల్‌కి వచ్చి లాబ్‌లో తూస్తే 48. లెక్క తెలిసీ, మెటలర్జీ చదువుతూ, జేబులో తూకం లేక మోసపోయాను. ఆ బిళ్ళ ఇప్పటికీ నా టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా పనికొస్తోంది.

మీ 1787కి ఇంకో మెలిక ఉంది, అదే నన్ను ఇంత పొడుగు సమాధానం రాయించింది. 1788లో స్వీడన్ రాజు మూడో గుస్తావ్ రష్యా మీద యుద్ధానికి దిగాడు. ఆ యుద్ధం ఖర్చులకి తన అవెస్తా టంకశాలలో ఏకంగా కేథరిన్ 5 కోపెక్కులకే దొంగ నాణేలు కొట్టించాడు. తేదీలు 1764, 1765, 1778, 1787. రాగి మంచిదే, పనితనం టంకశాలదే, కాబట్టి తూకమూ సాంద్రతా రెండూ ఇక్కడ చేతులెత్తేస్తాయి. పట్టిచ్చేది కిరీటం. రష్యా చక్రవర్తుల కిరీటం మధ్యలో చీలి, రెండు బుర్ర ముక్కలు పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది. స్వీడన్ అచ్చు చెక్కినవాడు తనకి అలవాటైన రాజుల కిరీటం, అంటే కమ్మీలు వంచి పైన కలిపినట్టుండే రకం చెక్కేశాడు. అలాంటి కిరీటమున్న 1787 దొరికితే అది ‘దొంగ’ నాణెమే, కానీ అసలుదానికన్నా ఎక్కువ ధర పలుకుతుంది. మీది అదే అయ్యుంటుందని ఆశపెట్టడం లేదు, మామూలు యెకతెరీన్‌బుర్గ్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. అయినా చూడటానికి ఖర్చేం లేదు కదా.

1812 దాని గురించి ఒక్క మాట. నెపోలియన్ దండెత్తిన ఏడాది కావడంతో అమ్మేవాళ్ళు ఆ అంకె చూపించి రెట్టింపు అడుగుతారు. నిజానికి ఆ ఏడు 2 కోపెక్కులు కుప్పలు తెప్పలుగా కొట్టారు. చరిత్ర ఇష్టమైతే ఉంచుకోండి, అరుదు అని మాత్రం అనుకోకండి. 1915 దానిమీద టంకశాల అక్షరాలు లేవని మీరు అనుమానపడ్డారు. ఉండకూడదు. 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌ని పెత్రోగ్రాద్ చేశాక పాత పేరు పొడి అక్షరాలు నాణేల మీద నుంచి తీసేశారు.

ఇక చింతపండు. మన ఇళ్ళలో రాగి అంటే పూజ సామాను, మెరవకపోతే మైల. నాణేల దగ్గర సరిగ్గా తలకిందులు. రాగి మీద వందేళ్ళలో ఏర్పడిన గోధుమ, చాక్లెట్ రంగు పొరే దానికి కవచం. చింతపండులో ఉన్న ఆమ్లం ఆ పొరని తినేస్తుంది, లోపల గులాబి రంగు పచ్చి లోహం బయటపడుతుంది. సేకర్త కంటికి అది గుండు కొట్టించినట్టు కనిపిస్తుంది. పీతాంబరి, నిమ్మకాయ, బూడిద, టూత్‌పేస్ట్ అన్నీ ఇదే ఖాతా. తోమేసినదాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు సార్లు మార్చి నానబెట్టి, లోపలి పులుపు పోనిచ్చి, ఆరబెట్టి వదిలేయండి. కొన్నేళ్ళకి మళ్ళీ నల్లబడుతుంది. పాత అందం రాదు గానీ చూడటానికి ఓర్చుకోవచ్చు. బూట్ పాలిష్ రాసి రంగు తెప్పించే చిట్కాలు యూట్యూబ్‌లో ఉన్నాయి, వాటి జోలికి పోకండి.

మట్టి పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో వారాలపాటు నానబెట్టి, వెదురు పుల్లతో మెల్లగా తీయొచ్చు. జిడ్డు ఉంటే అసిటోన్. నేను చేసేది ఇంతే.

ఒక్క విషయంలో మాత్రం చూస్తూ ఊరుకోకూడదు. ముదురు ఆకుపచ్చ గట్టి పొర హాని చేయదు, అలాగే ఉండనివ్వండి. లేత ఆకుపచ్చ పొడి, తుడిస్తే రాలిపోయి నెల తర్వాత అదే చోట మళ్ళీ వస్తుంటే అది వేరే రోగం. ఉప్పులోని క్లోరైడు రాగిలోకి చేరి, తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. అలాంటిదాన్ని వెంటనే మిగతావాటి నుంచి విడదీసి, సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టండి. తేమ లేకపోతే అది నిద్రపోతుంది. వైజాగ్ ఉప్పుగాలి నాకు ఈ పాఠం నేర్పింది. ఆల్బమ్ కవర్లు కూడా చూసుకుని కొనండి. మెత్తగా, ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కవర్లలో ఒకసారి నాలుగు మంచి కోపెక్కులు పెట్టి రెండు వర్షాకాలాలు మర్చిపోయాను. తీసి చూస్తే పచ్చటి జిగురు. అసిటోన్‌తో జిగురు పోయింది గానీ, దాని కింద పడిన మచ్చలు పోలేదు. అట్ట ఫ్రేములో పల్చటి మైలార్ (పీవీసీ కాని ప్లాస్టిక్ రేకు) ఉన్నవి చవకే, అవే వాడండి.

మొదలుపెట్టడానికి 1867 వరుస ఎందుకన్నానంటే, యాభై ఏళ్ళపాటు లెక్క మారలేదు. పావు, అర, 1, 2, 3, 5 కోపెక్కులు, మొత్తం ఆరు సైజులు. 5 కోపెక్కులు సరిగ్గా 16.38 గ్రాములు, అంటే వెయ్యి నాణేలు కలిపితే ఒక పూద్. అప్పటికి యంత్రాలు మెరుగయ్యాయి కాబట్టి బరువులు కూడా పెద్దగా తేడా రావు, కొత్తవాళ్ళకి చెయ్యి కుదురుతుంది. ఆరూ దొరికాక సోవియట్ ప్రభుత్వం 1924లో అవే బరువులతో కొట్టిన రాగి నాణేలు పక్కన పెట్టి చూడండి. జారు (రష్యా చక్రవర్తి) గద్ద పోయి కొడవలి సుత్తి వచ్చింది, తూకం మాత్రం జారుదే. 1926 నుంచి అల్యూమినియం కంచు వచ్చి, అర కోపెక్కు తప్ప మిగతావాటిలో రాగి ముగిసింది. ఆ తర్వాత వెనక్కి, కేథరిన్ పెద్ద నాణేల దగ్గరికి వెళ్ళండి. మొదటి పీటర్ కాలపు తొలి రాగి నాణేల మీద సంవత్సరం అంకెల్లో కాకుండా స్లావిక్ అక్షరాల్లో ఉంటుంది, అవి చదవడం ఇంకాస్త ఆగి నేర్చుకోవచ్చు.

ఎవరైనా కిలో బరువున్న సెస్త్రొరెత్స్క్ రాగి రూబుల్ గానీ, 1725-27 నాటి చదరపు రాగి పలకలు గానీ ఆన్‌లైన్‌లో చవకగా ఇస్తామంటే దణ్ణం పెట్టి తప్పుకోండి. అసలైనవి మ్యూజియంలలోనూ పెద్ద వేలాల్లోనూ తప్ప కనబడవు.

చట్టం సంగతి మాత్రం అన్నయ్యకి ఇవాళే చెప్పండి. వందేళ్ళు దాటిన వస్తువులు రష్యా దాటించాలంటే అక్కడి సాంస్కృతిక శాఖ పరీక్ష, అనుమతి కావాలి. విమానాశ్రయంలో పట్టుకుంటే నాణెం పోవడంతో ఆగదు, మెడిసిన్ చదువుతున్న కుర్రాడికి ఆ తలనొప్పి అవసరమా? మెటల్ డిటెక్టర్‌తో తవ్వుదామని స్నేహితులు పిలిచినా వెళ్ళొద్దనండి. అనుమతి లేకుండా పాతవి తవ్వడం అక్కడ నేరం. మన దగ్గర కూడా 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. ఇంట్లో ఉంచుకోవడం వేరు, అమ్మడానికి విదేశాలకి పంపడం వేరు.

కాబట్టి కొనడం ఇక్కడి నాణేల ప్రదర్శనల్లోనో, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరో మంచిది. విదేశం నుంచి తెప్పిస్తే కొరియరూ కస్టమ్సూ కలిపి నాణేన్ని మించిపోతాయి. రష్యన్లకి దీనిమీద ఒక సామెత ఉంది: సముద్రం అవతల పెయ్యదూడ పొలూష్కకే వస్తుందట, ఇటు తేవడానికి రూబుల్ అవుతుందట. పొలూష్క అంటే పావు కోపెక్కు, వాళ్ళ దమ్మిడీ. మన హైదరాబాదు వాళ్ళయితే చారాణా కోడికి బారాణా మసాలా అంటారు. ఇంకో పోలిక కూడా గమనించాను. మన ‘డబ్బు’ ఒకప్పటి రాగి నాణెం పేరే, వాళ్ళు డబ్బుని పిలిచే ‘దేంగి’ కూడా అర కోపెక్కు ‘దెంగా’ నుంచి వచ్చిందే.

మిషను కొన్నాక మూడింటి బరువులూ రాయండి. 1787 దానికి కిరీటం మాత్రమే పడేలా దగ్గర నుంచి ఒక ఫోటో, అంచుది ఒక ఫోటో పెట్టండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పగటి వెలుతురులో, వెలుగు ఏటవాలుగా పడేలా తీస్తే కింద పాత అచ్చు గీతలేమైనా ఉంటే అవీ కనబడతాయి.